మునిలక్ష్మి అట్ట ఇళ్ళు

పాత వస్తువులు సేకరించేవాళ్ళకు అడుగున ముద్ర ఒకటి కనబడితే చాలు, పండగే. అట్టతో చేసిన ఆ బుల్లి క్రిస్మస్ ఇంటిని తిరగేసి, 'జపాన్' అన్న ఊదారంగు అక్షరాలు చూడగానే వాళ్ళ మొహాలు చాటంత అవుతాయి. బెంగళూరు బళేపేట మునిలక్ష్మి దారి వేరు. ఇంటిని తిరగేసేటప్పుడు ముద్ర ఉండకూడదని ఆమె మొక్కుకుంటుంది. ముద్ర కనబడిందో, ఉసూరుమని కూలబడుతుంది. మూడేళ్ళలో ఇరవై ఆరు ఇళ్ళు పోగేసి, ఇరవై అయిదు సార్లు ఉసూరుమంది. మిగిలిన ఒక్క ఇంటికి అసలు అడుగే లేదు. గొడవంతా దానితోనే మొదలైంది.

ఈ ఇళ్ళను ఎన్నడూ చూడనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. జానెడు ఎత్తు కూడా ఉండవు. అట్ట గోడలు, ఏటవాలు కప్పు, ఎర్రటి సెల్లోఫేన్ కాగితం అంటించిన కిటికీలు, ముందర వేలెడు కంచె, పక్కన ఆకుపచ్చ రంగు పూసిన బీరపీచు చెట్టు. కప్పు మీద అభ్రకం పొడి చల్లి ఉంటుంది, అదే మంచు. వెనక గోడకు రూపాయి బిళ్ళంత రంధ్రం. అందులోంచి చిన్న బల్బు దూర్చితే కిటికీలు వెలుగుతాయి, లోపల ఎవరో అన్నం తింటున్నట్టే ఉంటుంది. జపాన్‌లో పుట్టి, ఓడలెక్కి దేశదేశాలు తిరిగిన సరుకు ఇది. ఒకప్పుడు బెంగళూరు కంటోన్మెంటు ఇళ్ళల్లో డిసెంబరు రాగానే ట్రంకుపెట్టెల్లోంచి దిగి, క్రిస్మస్ చెట్టు కింద దూది పరుచుకుని ఒక ఊరుగా వెలిసేవి. బెంగళూరులో ఎన్నడూ పడని మంచును జనం వాటి కప్పుల మీదే చూసుకుని ముచ్చటపడేవారు.

మునిలక్ష్మికి యాభై అయిదేళ్ళు. బళేపేటలో గాజుల అంగళ్ళ సందులో, మేడ మీద రెండు గదుల్లో ఆమె పెట్టెల కార్ఖానా, ఆ వెనకే ఇల్లు. కార్ఖానా అంటే యంత్రాలు ఊహించుకోవద్దు. నలుగురు ఆడవాళ్ళు, నాలుగు కత్తెరలు, ఒక అట్ట కోసే బల్ల, ఒక పెద్ద గిన్నెడు మైదా గంజి. గాజుల పెట్టెలు, మిఠాయి పెట్టెలు, పెళ్ళి చీరల పెట్టెలు అక్కడ పుడతాయి. గంజిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం ఎంత వేయాలో మునిలక్ష్మి కొలవదు, రంగు చూసి చెబుతుంది. అట్టను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని దాని మందం చెబుతుంది. బంధువుల పెళ్ళికి వెళ్ళినా మొదట చూసేది పెళ్ళికూతురిని కాదు, పక్కన పెట్టిన చీర పెట్టె మూలలను. ఈ అలవాటు మీద ఇంట్లో ఎన్ని ఎగతాళులు పడ్డా ఆమె మారలేదు.

మూడేళ్ళ కిందట పాత అట్టల కోసం గురుమూర్తి గుజరీ అంగడికి వెళ్ళింది. అవెన్యూ రోడ్డు వెనక సందులో ఉంటుంది అది. పాత పేపర్లు, విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన ఫ్యాన్లు అన్నీ తూకానికి కొని తూకానికే అమ్ముతాడు. ఆ కుప్పలో ఒక బుల్లి ఇల్లు పక్కకు ఒరిగి కనబడింది. అడుగు అట్ట చెమ్మకు చివికి ఊడిపోయింది, కంచె సగం లేదు. మునిలక్ష్మి చేయి దాని దగ్గర ఆగిపోయింది. ఆమె చూసింది కిటికీలను కాదు, మంచును కాదు. మూలలను.

పెట్టెకు గోడా గోడా కలిసే చోట మూల మీదుగా కాగితపు పట్టీ అంటిస్తారు. కుడిచేతివాళ్ళు అంటిస్తే పట్టీ కొస ఒక వైపుకు వాలుతుంది, ఎడమచేతివాళ్ళు అంటిస్తే రెండో వైపుకు. చూసేవాడికి రెండూ ఒకటే. గంజిలో చేయి పెట్టి బతికినవాళ్ళకు మాత్రం అది మనిషి నడక లాంటిది, దూరం నుంచే తెలిసిపోతుంది. ఈ ఇంటి నాలుగు మూలలూ ఎడమచేతి మూలలు. పట్టీ కొసను బొటనవేలి గోటితో ఒక్కసారి నొక్కి వదిలిన గుర్తు కూడా ఉంది. మునిలక్ష్మికి తెలిసినంతలో అలా నొక్కే ఎడమచేయి ఒక్కటే. ఆ చేయి ఆమె తల్లి ఈరమ్మది.

ఈరమ్మ మడకశిర వైపు నుంచి పన్నెండేళ్ళ పిల్లగా వచ్చి, ఇదే సందులో వేరే వాళ్ళ కార్ఖానాలో గంజి కలపడానికి చేరింది. చదువు లేదు, సంతకం రాదు. పనిలో మాత్రం దిట్ట. వయసు మీద పడ్డాక ఆమెకు ఒక గొప్ప ఉండేది. విదేశీ సరుకు రావడం ఆగిపోయిన రోజుల్లో, కంటోన్మెంటు అంగడివాడు ఒకడు నమూనా ఇల్లు పట్టుకుని వచ్చి, ఇట్లాంటివి చేయగలరా అని అడిగాడట. అందరూ చేతులెత్తేస్తే తనే చేసిందట. "కంటోన్మెంటులో క్రిస్మస్ ఇండ్లన్నీ నేనే కట్టిచ్చినా" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేది.

ఎవరు నమ్ముతారు చెప్పండి. ఒక ముక్క రుజువు లేదు. పైగా వాళ్ళుండేది వాన పడితే కారే రేకుల ఇల్లు. కొడుకు మునీంద్ర నోటికి అది బంగారం లాంటి అవకాశం. వాన చినుకు నెత్తి మీద పడ్డప్పుడల్లా, ఊరందరికీ ఇళ్ళు కట్టిన మేస్త్రమ్మ సొంత కొడుక్కి ఒక కప్పు వేయలేకపోయింది చూడండని చుట్టాల ముందు పాట అందుకునేవాడు. అందరూ పగలబడి నవ్వేవారు. ఈరమ్మ కూడా నవ్వేది.

మునిలక్ష్మి చేసింది అంతకన్నా పెద్ద తప్పు. పెళ్ళిచూపుల నాడు పెళ్ళికొడుకు శివ తరపువాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఈరమ్మ వాళ్ళకు కాఫీ ఇస్తూ తన ఇళ్ళ కథ మొదలుపెట్టింది. పట్టుచీర కట్టుకుని తలొంచుకు కూర్చున్న పెళ్ళికూతురికి సిగ్గుతో ఒళ్ళు మండింది. తలెత్తి, అందరికీ వినబడేలా అంది.

"మా అమ్మ అట్టపెట్టెలు చేస్తాది. అంతే."

ఈరమ్మ కాఫీ లోటా కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళు బతికింది, మళ్ళీ ఏనాడూ ఆ ఇళ్ళ మాట ఎత్తలేదు. పెళ్ళి కుదిరిన సందడిలో మునిలక్ష్మి అది గమనించనే లేదు. తల్లి పోయాక, దినకర్మల నాడు మునీంద్ర అలవాటు కొద్దీ మేస్త్రమ్మ పాట ఎత్తుకోబోయి మధ్యలో ఆగిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, ఆ మాట తల్లి నోట విని ఎన్నేళ్ళయిందో. పెళ్ళిచూపుల నాటి తన మాట ముల్లులా దిగింది. అది అలాగే ఉండిపోయింది.

అందుకే గుజరీ అంగట్లో ఆ ఎడమచేతి మూలలు చూశాక ఆ ఇంటిని మళ్ళీ కింద పెట్టలేదు. గురుమూర్తికి అదేమిటో తెలియదు, పాత అట్టలతో కలిపి తూకం వేసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి, తడిబట్టతో సుతారంగా దుమ్మంతా తుడిచింది. వాకిలి దగ్గర ఏదో మరక, ఎవరో పిల్లలు సాంబారు చేత్తో ముట్టుకుని ఉంటారనుకుని దాన్నీ శుభ్రంగా తుడిచేసింది. తర్వాత వెనక రంధ్రంలోంచి టార్చి వేసి కప్పు లోపలంతా వెతికింది. ఆమె వెతికింది పసుపు బొట్టు.

ఆ బొట్టు కథ బళేపేట పెట్టెలవాళ్ళది. ఖాళీ పాత్ర ఎవరి చేతికీ ఇవ్వకూడదని మన ఇళ్ళల్లో ఉంది కదా. పొరుగింటి గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఇంత చక్కెరో నాలుగు మిరపకాయలో వేసి ఇస్తారు. గాజుల పెట్టె కూడా అంతే, ఖాళీగా చేయి దాటకూడదు. అందుకని మూత లోపల ఎవరికీ కనబడని మూలన ఒక చుక్క పసుపు పెట్టి వదులుతారు. ఈరమ్మ చేతి మీదుగా వెళ్ళిన ప్రతి పెట్టెకూ ఆ చుక్క ఉండేది, ఇవాళ మునిలక్ష్మి చేసే ప్రతి పెట్టెకూ ఉంటుంది. ఇంటికి కప్పే కదా మూత. అందులో పసుపు చుక్క దొరికితే ఇక మాట్లాడేది ఏముంది. ఎంత వెతికినా దొరకలేదు.

ఊరుకుంటే ఆమె మునిలక్ష్మి ఎందుకవుతుంది. చెమ్మకు చివికిన ఇల్లు కాబట్టి చుక్క పోయి ఉంటుందనుకుని, బాగున్నది ఇంకొకటి దొరక్కపోతుందా అని వేట మొదలుపెట్టింది. ఆదివారం వస్తే గుజరీ అంగళ్ళు, చర్చి మేళాలు, ఇల్లు ఖాళీ చేసేవాళ్ళ గుమ్మాలు. అలా తిరుగుతున్నప్పుడే ఫాతిమా తగిలింది. నెల్లూరు పిల్ల, బెళ్ళందూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. పాత కాగితపు బొమ్మలంటే ప్రాణం. తనలాంటి పిచ్చివాళ్ళు నూట పాతికమందిని వాట్సాప్‌లో పోగేసి, ఎవరి దగ్గర ఏ ఇల్లు ఉందో, ఏ కాలానిదో పెద్ద పట్టిక నడుపుతోంది. ఒక మేళాలో మునిలక్ష్మి ఒక ఇంటి గోడను వేళ్ళతో పట్టుకుని, ఇది యుద్ధానికి ముందరిది, అట్ట దళసరిగా ఉంది, పక్కది తర్వాతది, అట్టలో పిండి ఎక్కువ అని చెప్పేసరికి ఫాతిమా చేతిలో ఉన్న ఐస్‌క్రీం కరిగి చెప్పుల మీద పడింది. ఆ రోజు నుంచి పట్టికలో అనుమానం వచ్చిన ప్రతి ఇల్లూ బళేపేట మేడ ఎక్కాల్సిందే.

బొమ్మ చూసి కాలం చెప్పే పుస్తకాలవాళ్ళు ఒక ఎత్తు, మునిలక్ష్మి ఒక ఎత్తు. ఆమె ముక్కుతో కూడా చూస్తుంది. మూల దగ్గర వాసన చూసి, ఇది బియ్యం గంజి, ఇది తోలు బంక అని చెబుతుంది. చెట్టును గిల్లి చూసి, ఇది బీరపీచే కానీ మన బీర కాదంటుంది. గుంపులో ఆమెకు పెద్ద పేరే వచ్చింది. ఆ పేరు ఆమెకు అక్కర్లేదు, ఆమెకు కావలసింది ఎడమచేతి మూల. అది మాత్రం మళ్ళీ దొరకలేదు. అన్నీ కుడిచేతివే, అన్నిటికీ జపాన్ ముద్రే.

తల్లి సంగతి ఫాతిమాకు చెప్పింది ఒకరోజు. ఫాతిమా మనసున్న పిల్లే కానీ పట్టిక దగ్గర మహా కచ్చితం.

"ఆంటీ, లెఫ్ట్ హ్యాండ్ వాళ్ళు జపాన్‌లో కూడా ఉంటారు కదా. ఆ ఇంటికి బేస్ లేదు, స్టాంప్ ఉందో లేదో తెలీదు. కార్నర్స్ ఒక్కటే చూసి మీ మదర్ పేరు ఎక్కిస్తే రేపు ఎవరైనా నవ్వితే నాకు బాధ. ఇంకో ప్రూఫ్ దొరకనివ్వండి."

నవ్వు అనే మాట దగ్గర మునిలక్ష్మి తలూపింది. ఈరమ్మను చూసి ఈ లోకం నవ్వింది చాలు, ఇంకోసారి నవ్వించకూడదు. రుజువు దొరికాకే పేరు.

ఈ డిసెంబరు మొదటి శనివారం ఫాతిమా ఫోను చేసింది. కాక్స్ టౌన్‌లో చిన్నప్ప అని ఒక పెద్దాయన ఉన్నారు, మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు, వాళ్ళ నాన్న కొన్న తొమ్మిది ఇళ్ళు పెట్టెలో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయట, వాటిలో ఒకదానికి అడుగు బాగానే ఉంది కానీ ముద్ర లేదట అని. చివరి మాట విన్నాక మునిలక్ష్మి ఫోను కూడా సరిగా పెట్టలేదు. గంజి గిన్నె మీద మూత పెట్టమని లోపలికి ఒక కేక వేసి, చేతులు కడుక్కోకుండానే మేడ మెట్లు దిగింది. మెజెస్టిక్‌లో బస్సెక్కాక చూసుకుంది, కాళ్ళకు వేసుకున్న చెప్పులు రెండూ రెండు రకాలు. బెళ్ళందూరు నుంచి ఫాతిమా రావాలి. ఆ రోడ్డు మీద ఆమె కాక్స్ టౌన్ చేరే లోపల బళేపేట నుంచి ఊరి పొలిమేర అత్తిబెలె దాకా పోయి రావచ్చు. మునిలక్ష్మి ఆగలేదు, ఒక్కతే తలుపు కొట్టింది.

చిన్నప్ప డెబ్భై అయిదేళ్ళ మనిషి, నిటారుగా ఉన్నాడు. తెలుగు క్రైస్తవులు వాళ్ళు, మూడు తరాలుగా ఆ వీధిలోనే. మునిలక్ష్మి గంజి అంటిన చేతులను, వేరువేరు చెప్పులను ఒకసారి చూసి లోపలికి పిలిచాడు. బల్ల మీద దూది పరిచి ఉంది. తొమ్మిది ఇళ్ళూ వరసగా నిలబడి ఉన్నాయి. ఎనిమిది జపానువి, ఆమె వాకిట్లోంచే చెప్పేసింది. తొమ్మిదో దాని దగ్గరికి వెళ్ళి వంగి చూసింది.

ఎడమచేతి మూలలు. నాలుగూ. పట్టీ కొసన గోటి నొక్కు.

తిరగేసింది. అడుగు అట్ట చెక్కుచెదరలేదు, ముద్ర లేదు. వాసన చూసింది, అరవై ఏళ్ళ తర్వాత కూడా మైదా గంజి. అభ్రకం ముతకగా, మన వైపుదే. టార్చి తీసి వెనక రంధ్రంలో పెట్టి కప్పు లోపల చూసింది. ఒకసారి కాదు, పదిసార్లు చూసింది. కప్పు లోపల తెల్లగా ఉంది. ఒక్క మరక లేదు. చెమ్మ తగలలేదు, పురుగు పట్టలేదు, చుక్క చెరిగిపోవడానికి సాకు ఏదీ లేదు. ఖాళీ పెట్టెను ఈరమ్మ ప్రాణం పోయినా చేయి దాటనివ్వదు. కాబట్టి ఇది ఈరమ్మది కాదు. ఊళ్ళో ఇంకెవరో ఎడమచేతి మనిషి చేసి ఉండాలి. మూడేళ్ళ తిరుగుడు ఒక్క నిమిషంలో ఇంకిపోయింది.

ఆమె మొహం చూసి చిన్నప్ప కుర్చీ లాగి వేశాడు. మునిలక్ష్మి ఇంటిని దూది మీద పెట్టి ఎదురుగా కూలబడింది. తల బల్ల ఎత్తుకు దిగింది. అప్పుడు మొట్టమొదటిసారి ఆ ఇంటిని ఆమె ఎదురుగా, వాకిట్లోకి వచ్చిన చుట్టం చూసినట్టు చూసింది. ఇన్నాళ్ళూ అడుగు చూసింది, వెనక రంధ్రంలోంచి కప్పు చూసింది, మూలలు చూసింది. పెట్టెను చూసినట్టు చూసింది. వాకిలి వైపు ఎన్నడూ కన్ను పడలేదు.

తలుపు కింద గడప ఉంది. అగ్గిపుల్ల అంత. మిగతా ఎనిమిది ఇళ్ళకు అక్కడ గడపే లేదు, వాళ్ళ దేశంలో ఆ పట్టింపు ఉన్నట్టు లేదు. ఈ గడప పచ్చగా ఉంది. వెలిసిపోయిన పచ్చ. దాని మీద, చీమ తలంత, మూడు ఎర్రటి చుక్కలు.

మునిలక్ష్మి తన కుడిచేతి గోళ్ళు చూసుకుంది. నిన్న శుక్రవారం. పొద్దున్నే గడప కడిగి పూసిన పసుపు ఇంకా గోళ్ళ సందుల్లో ఉంది. రెండు పసుపులూ ఒకటే. మళ్ళీ గడప వైపు చూసింది, తలుపు పైకి చూసింది. తలుపు పైన ఆకుపచ్చ కాగితం ముక్కలు వరసగా వేలాడుతున్నాయి. ఫాతిమా పట్టికలో ఇలాంటి వాటిని ఏదో విదేశీ ఆకుల దండ అని రాస్తారు. ఇవి పొడుగ్గా, కొస సన్నగా, మధ్యలో ఈనె గీసి ఉన్నాయి. మామిడాకులు. తోరణం.

బొట్టు మూతలో ఎందుకు పెడుతుంది. బొట్టు పెట్టేది ఖాళీ పెట్టెకు. ఈరమ్మ పెట్టె చేయలేదు. ఇల్లు కట్టింది. ఇంటికి ఎక్కడ పసుపు రాయాలో అక్కడ రాసింది, ఎక్కడ తోరణం కట్టాలో అక్కడ కట్టింది. ఆ సంగతి తెలియడానికి పెట్టెలు చేసే కూతురికి మూడేళ్ళు పట్టింది. ఎంత తెలివితక్కువ దాన్నమ్మా నేను అని మునిలక్ష్మి బల్ల మీద చేత్తో ఒక్క చరుపు చరిచేసరికి జపాను ఇళ్ళు ఎనిమిదీ అదిరాయి.

ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో చిన్నప్పకు అర్థం కాలేదు. గడప వైపు చూపిస్తున్న ఆమె వేలు చూసి మాత్రం ఆయన మొహం విప్పారింది.

"మా అమ్మ కూడా అదే చూపిచ్చి నవ్వుతాండె తల్లీ. జపానోళ్ళకు కూడా శుక్రవారం ఉండాది చూడు రా అని. మేము సుమ్నె, ఊరికే తమాషా అనుకొంటిమి."

అప్పుడు చెప్పింది మునిలక్ష్మి, తల్లి సంగతంతా. పెళ్ళిచూపుల నాటి మాటతో సహా చెప్పింది, దాచలేదు. చిన్నప్ప విని, ఆ ఇంటిని రెండు చేతులతో ఎత్తి ఆమె ఒళ్ళో పెట్టాడు. తీసుకుపొమ్మన్నాడు. ఆమె తీసుకోలేదు. మీ అమ్మ నవ్విన ఇల్లు, మీ దూది మీదే ఉండాలంది. ఫోటో మాత్రం తీసుకుంటానంది. తీసింది కూడా, ముప్ఫై ఏడు ఫోటోలు, అన్నీ గడపవే.

ఫాతిమా వచ్చేసరికి గంటన్నర గడిచింది. ఆమె కచ్చితం ఆమెది, గడపను భూతద్దంతో చూసింది, మూలలు చూసింది, అడుగు చూసింది. చూసి, ఫోను తీసి పట్టికలో పాత ఫోటోలు వెతకడం మొదలుపెట్టింది. ఫోటోలే తప్ప మునిలక్ష్మి చేతికి రాకుండా, ఎవరు చేశారో తెలియదు అని పక్కన పడేసిన ఇళ్ళు కొన్ని ఉన్నాయి. కోలారు బంగారు గనుల నుంచి ఒకరు పంపింది, కూనూరు నుంచి ఒకటి, వైట్‌ఫీల్డ్ నుంచి రెండు. ఒక్కొక్క ఫోటోను పెద్దది చేస్తూ పోయింది. నాలుగిటికీ పచ్చ గడప. నాలుగిటికీ తోరణం. మసక ఫోటోల్లో మెట్టు రంగు వెలిసిందని రాసి వదిలేశారు. ఫాతిమా గుంపులో ఒక్క ప్రశ్న పెట్టింది, ఎవరి ఇంటికైనా పచ్చ గడప ఉందా అని. టీ తాగే లోపల ఇంకో ఏడు ఫోటోలు వచ్చాయి. ఒకటి మెల్‌బోర్న్ నుంచి. ఎప్పుడో ఇక్కడి నుంచి వెళ్ళిపోయిన కుటుంబం వెంట తీసుకుపోయిన ఇల్లు అది. ఫోను టింగుమన్నప్పుడల్లా ముగ్గురూ ఒకే తెర మీదికి వంగారు, తలలు ఢీకొన్నాయి, ఎవరూ పట్టించుకోలేదు.

అంత సంబరంలోనూ మునిలక్ష్మికి హఠాత్తుగా ఒకటి గుర్తొచ్చింది. గుజరీ అంగడి ఇల్లు. వాకిలి దగ్గర సాంబారు మరక.

వెంటనే ఆటో పట్టి బళేపేటకు బయలుదేరింది. పక్కన కూర్చున్న ఫాతిమా ఏం జరిగిందని అడిగితే, మూడేళ్ళ కిందట తను తుడిచేసిన ఆ మరక సంగతి చెప్పింది. మేడ ఎక్కి, బీరువా మీద నుంచి ఆ ఇంటిని దించింది. కిటికీ వెలుగులో గడపను చూసింది. తెల్లగా, శుభ్రంగా ఉంది. ఎంత శ్రద్ధగా తుడిచిందో. తల్లి మాటను ఒకసారి నోటితో, ఒకసారి తడిబట్టతో, రెండుసార్లూ తనే తుడిచేసింది. అలా అనుకుంటూనే సూది తీసుకుని, కంచె మిగిలిన సగాన్ని గడప కొస నుంచి కాస్త పైకి లేపింది. బట్ట అందని ఆ సందులో, దారం పోగంత, పసుపు ఉంది. ఆమె వెలుతురుకు వంచి ఫాతిమాకు చూపించింది.

మరునాడు ఆదివారం. అత్తిబెలెలో ఫ్యాక్టరీ పని చేసే మునీంద్ర, అక్క పిలిచిందని పొద్దున్నే వచ్చాడు. ఫోనులో సంగతి చెప్పకుండా రమ్మంది కాబట్టి ఏ ఉపద్రవమో అని ఆదుర్దాగా వచ్చాడు. బల్ల మీద అడుగు లేని ఆ ఇంటిని, ఫోనులో పన్నెండు ఇళ్ళ ఫోటోలను చూపించి కథంతా చెప్పింది. పరాచికాలు లేకుండా అయిదు నిమిషాలు కూర్చోలేని మనిషి, కూర్చుని పన్నెండు గడపలనూ ఒక్కొక్కటిగా పెద్దవి చేసి చూశాడు. లేచి, గోడ మీద తల్లి ఫోటో వైపు చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

"ఆయమ్మ నిజమే చెప్తాండె కదక్కా. నేను పాట పాడితే నగుతాండె. ఒక్కనాడన్నా కోప్పడినా బాగుండు."

మునిలక్ష్మి లేచింది. వంటింట్లోంచి పసుపు గిన్నె తెచ్చింది. చీపురుపుల్ల కొసను నీళ్ళల్లో ముంచి, పసుపులో అద్ది, అగ్గిపుల్లంత గడప మీద ఊపిరి బిగబట్టి రాసింది. పాత పోగు ఉన్న కొసను మాత్రం ముట్టుకోలేదు. ఆరాక మూడు కుంకుమ చుక్కలు పెట్టింది. కార్ఖానా ఆడవాళ్ళు నలుగురూ ఆదివారమైనా వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఎప్పుడో రాలిపోయిన తోరణం తామే కత్తిరిస్తామని పోటీ పడ్డారు. మునీంద్ర వెనక రంధ్రంలో బల్బు దూర్చి స్విచ్చి వేశాడు. పట్టపగలే అయినా కిటికీలు ఎర్రగా వెలిగాయి, గది గదంతా గోలగా మాట్లాడటం మొదలుపెట్టింది.

అప్పుడు ఫాతిమా ఫోను వచ్చింది. పట్టికలో కొత్త వరస తెరిచి కూర్చుందట. అడుగు లేని ఇంటితో కలిపి పదమూడు ఇళ్ళ పక్కనా ఒకే పేరు ఎక్కించింది, చదివి వినిపించింది.

"మేకర్ నేమ్, ఈరమ్మ, బళేపేట, బెంగళూర్. ఓకే కదా ఆంటీ? నెక్స్ట్ ఆవిడ వర్క్ ఏంటో ఒక లైన్ రాయాలి. కార్డ్‌బోర్డ్ బాక్సులు చేసేవారు అని పెట్టేయనా?"

గదిలో గోల ఆగలేదు. మునిలక్ష్మి ఫోనును చెవికి ఇంకా దగ్గరగా ఆనించుకుంది. పెళ్ళిచూపుల నాడు తలెత్తినట్టే తలెత్తి, అందరికీ వినబడేలా చెప్పింది.

"కాదు తల్లీ. ఇండ్లు కట్టేదని రాయి."